పై నాలుగు లైన్లు

మాదాపూర్‌లో నేను చేరిన మొదటి ఉద్యోగంలో నా పని చెరపడం. ఇంటర్వ్యూలో మాత్రం అలా చెప్పలేదు. మనుషులతో మాట్లాడే పని అన్నారు, రోజూ కొత్తవాళ్లు పరిచయమవుతారన్నారు. తీరా చేరాక పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం దాకా నాకు పరిచయమైనవి వర్డ్ ఫైళ్లు.

మాది చిన్న కన్సల్టెన్సీ. మెట్రో స్టేషన్ దిగి లోపలి సందులోకి వెళితే, కింద బిర్యానీ సెంటరు, పైన అమ్మాయిల హాస్టలు, మధ్య అంతస్తులో మేము. ఉద్యోగం వెతుక్కునేవాళ్ల దగ్గర రెజ్యూమెలు తీసుకుని, మనుషులు కావలసిన కంపెనీలకు పంపడం మా వ్యాపారం. పంపేముందు ప్రతి రెజ్యూమెకూ నెత్తి మీద ఉండే నాలుగు లైన్లు తీసేయాలి. ఫోన్ నంబరు, ఈమెయిలు, ఇంటి అడ్రసు, ఇంకో నంబరుంటే అదీ. పేరు మాత్రం ఉంచాలి. ఖాళీ అయిన చోట మా లోగో, మా ఆఫీసు నంబరు పెట్టాలి. కంపెనీవాళ్లకు మనిషి నంబరు దొరికితే నేరుగా ఆ మనిషికే ఫోన్ చేసుకుంటారని, మమ్మల్ని పక్కన పెట్టేస్తారని మా మేనేజరు భయం. ఆ భయమే మా ఆఫీసుకు రూలు.

చెరపడం తేలికనుకుంటారు. ఒకరు నంబరును పేజీ పైన హెడర్‌లో పెడతారు, అక్కడ క్లిక్ చేస్తే పేజీ మొత్తం మసకబారుతుంది. ఇంకొకరు ఏదో డబ్బాలో పెడతారు, దాన్ని కదిపితే పేరు వెళ్లి చదువు మీద పడుతుంది. ఒకాయన ప్రతి పేజీ అడుగునా నంబరు వేశాడు, ఆరు పేజీలకు ఆరు సార్లు. ఈమెయిలు అడ్రసుల సంగతి చెప్పనే అక్కర్లేదు. బుద్ధిగా ఎనిమిదేళ్లు బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాసిన మనిషి ఈమెయిలు చూస్తే కాలేజీలో ప్రేమించిన అమ్మాయి పేరూ ఆయన పేరూ కలిపి ఉంటుంది. ఇవన్నీ తుడిచి తుడిచి నాకు రెజ్యూమె పై భాగం చూస్తేనే చిరాకొచ్చే స్థితి వచ్చింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మ "ఏం చేశావే ఇవాళ" అనడిగితే, "తుడిచానమ్మా" అనేదాన్ని. మాది తాడేపల్లిగూడెం పక్క. నన్ను హైదరాబాదు పంపింది తుడవడానికా అని మా అమ్మకు బాధ.

ఆ మంగళవారం భోజనం చేసి సీట్లో కూర్చున్నానో లేదో, మేనేజరు తన గది తలుపులోంచి తల బయట పెట్టారు. ఆయన ఇక్కడివారే, పుట్టి పెరిగిందంతా ఈ ఊళ్లోనే.

"ఆ మిషన్లాయన ఉన్నడు గదా, బాలానగరాయన. క్లయింటుకు మస్తు నచ్చిండు. ఎల్లుండి పదకొండింటికి రమ్మంటున్నరు. ఫోన్ కొట్టి చెప్పు."

ఆయన నాకు బాగా గుర్తున్నాడు. మా దగ్గరికి వచ్చేవాళ్లంతా పాతికేళ్లవాళ్లు, వీపున లాప్‌టాప్ బ్యాగులు. ఈయనకు నలభై అయిదు దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల, చేతి వేళ్ల సందుల్లో ఎంత కడిగినా పోని నలుపు. బాలానగర్‌లో ఒక వర్క్‌షాపులో కంప్యూటర్‌తో నడిచే కటింగ్ మిషన్ల మీద ఇరవై రెండేళ్లు పనిచేశాడు. రాయదుర్గంలో మా క్లయింటు కంపెనీ ఒకటి సరిగ్గా అలాంటి మిషన్లకే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తోంది. తాము రాసింది నిజం మిషన్ మీద నడుస్తుందో లేదో చూసి చెప్పే అనుభవస్థుడు కావాలన్నది వాళ్ల అవసరం. ఈయన మూడు వారాల కింద తనంతట తానే మెట్లెక్కి వచ్చి, చొక్కా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చి వెళ్లాడు.

నేను ఆయన ఫైలు తెరిచాను. పైన మా లోగో, మా ఆఫీసు నంబరు, ఆయన పేరు. అంతే.

ఇలాంటప్పుడు అసలు ఫైలు వేరే ఫోల్డరులో ఉంటుంది. అక్కడ చూశాను. అందులోనూ మా లోగోనే. రెండూ ఒకే రోజు, ఒకే నిమిషంలో సేవ్ అయ్యాయి. ఏం జరిగిందో అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ రోజు కాపీ చేసుకుని దిద్దాల్సింది పోయి, నేను అసలు ఫైల్లోనే చెరిపి సేవ్ కొట్టి, దాన్నే కాపీ చేశాను. ఆయన నంబరు ఈ ఆఫీసులో ఎక్కడా లేదు. ఈమెయిల్లో పంపి ఉంటే మెయిలు మిగిలేది. పెన్‌డ్రైవ్ ఆయన జేబులోకే వెళ్లిపోయింది.

రిసెప్షన్లో వచ్చినవాళ్లు రాసే రిజిస్టరు గుర్తొచ్చి పరుగెత్తాను. ఆయన పేరు దొరికింది. పేరు తర్వాత, ఎవరిని కలవాలి అనే గడిలో రెండు చిన్న గీతలు, పైన ఉన్నదే అని అర్థం. ఏ పని మీద అనే గడిలో రెండు గీతలు. ఫోన్ నంబరు గడిలో కూడా అదే ఊపులో రెండు గీతలు. పై వరసలో ఉన్నది కొరియర్ ఆయన నంబరు. అయినా ఆశ చావక ఆ నంబరుకే ఫోన్ చేశాను.

"మేడం, నేను మీ పార్సిల్ ఇచ్చేసిన, సంతకం గూడ ఉంది" అని ఆయన నేనేం అడుగుతున్నానో వినకుండానే పెట్టేశాడు.

మేనేజరుకు చెప్పక తప్పలేదు. ఆయన అరవలేదు, అరిచినా బాగుండేది. కుర్చీలో వెనక్కి వాలి ఫ్యాన్ వైపు చూస్తూ, "అంటే మనం మనిషిని పంపించినం, మనిషి మాత్రం మన దగ్గర లేడు" అన్నారు. తర్వాత, "రేపు ఆఫీసుకు రాకు. పోయి దేవులాడు" అన్నారు.

నాకు ఒళ్లు మండింది. తప్పు నాదే, కాదనను. కానీ నంబరు చెరపమన్నది ఎవరు? ఆ నాలుగు లైన్లు అక్కడే ఉండి ఉంటే ఈపాటికి ఆయనకు ఫోన్ చేసి, టీ తాగి, ఇంకో రెజ్యూమె తుడుస్తుండేదాన్ని.

బుధవారం పొద్దున్నే మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, బాలానగర్ స్టేషన్లో దిగాను. రెజ్యూమెలో ఆయన పనిచేసిన వర్క్‌షాపు పేరుంది, అది నేను చెరపలేదు. ఆటో డ్రైవరు ఆ పేరు వినగానే తెలుసన్నట్టు తలూపి, వేరే వర్క్‌షాపు దగ్గర దించాడు. అక్కణ్నుంచి ఇంకో చోటికి, అక్కణ్నుంచి ఇంకో చోటికి. రేకుల షెడ్లు, లోపల్నుంచి ఇనుము కోస్తున్న చప్పుడు, కాలువ పొడవునా మెలికలు తిరిగిన ఇనప పొట్టు. చెప్పులేసుకుని వచ్చినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఈలోగా మేనేజరు మూడుసార్లు ఫోన్ చేశారు. మూడుసార్లూ ఒకటే మాట, "దొరికిండా?"

నాలుగో షెడ్డు సరైనది. గుమ్మం దగ్గర మిషన్ మీద ఉన్న ముసలాయనకు పేరు చెబితే ముఖం వెలిగింది.

"మావోడే. నంబర్ ఉంది నా కాడ. రాస్కో."

ఆయన తన ఫోన్లోంచి ఒక్కో అంకే చదువుతుంటే రాసుకుని, అక్కడే నొక్కాను. మోగింది. నా చెవిలోనూ మోగింది, షెడ్డు లోపల అద్దాల గదిలోనూ మోగింది. రెండు చోట్లా మోగుతోందని మాకిద్దరికీ తెలియడానికి కాస్త సమయం పట్టింది. గదిలోంచి ఓనరు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని బయటికొచ్చాడు. నన్ను చూశాడు. నా చెవి దగ్గరున్న ఫోన్ చూశాడు.

"మీరేనా చేస్తున్నది?"

"నేనేనండి" అన్నాను, ఫోన్లోనూ, ఎదురుగానూ.

ఆ నంబరు వర్క్‌షాపుదట. పనిలో ఉన్నన్నాళ్లు ఆయనకిచ్చారు, వెళ్లిపోయేటప్పుడు ఆయన సిమ్ తీసి బల్ల మీద పెట్టి వెళ్లాడు. కొత్త నంబరు ఓనరుకు తెలియదు. "ఆర్డర్లు తక్కువైనయి మేడం, సగం మందిని పంపియ్యాల్సొచ్చింది. మంచి పనోడు. నేనేం మొకం వెట్టుకొని కొత్త నంబర్ అడుగుత?" అన్నాడు. అంత నిజం నేను అడగలేదు. కాని ఆయన ఎవరితోనైనా అనడానికి ఎదురుచూస్తున్నట్టు అన్నాడు. తర్వాత ఇంకో మాట చెప్పాడు. ఆ కుటుంబం పుప్పాలగూడకు మారిపోయింది, అది ఆయన భార్య పుట్టిన ఊరు, ఆమె తమ్ముడికి అక్కడ హార్డ్‌వేర్ దుకాణం ఉంది.

పుప్పాలగూడలో ఒకప్పుడు హార్డ్‌వేర్ దుకాణం ఒకటే ఉండేదేమో. ఇప్పుడు కట్టే అపార్ట్‌మెంట్లన్నిటికీ కుళాయిలు, తాళాలు, పైపులు కావాలి కాబట్టి ఒక్క రోడ్డులోనే నాకు అయిదు కనిపించాయి. మధ్యాహ్నం రెండు దాటింది. ఎండ. టిప్పర్లు వెళ్లినప్పుడల్లా దుమ్ము నోట్లోకి వస్తోంది. మొదటి దుకాణంలో పైపు కొనడానికి వచ్చాననుకున్నారు. రెండో దుకాణంలో నేను ఏదో ఫైనాన్స్ కంపెనీ నుంచి బాకీ వసూలుకు వచ్చాననుకుని, ఆ పేరుగలవాళ్లు ఎవరూ లేరన్నారు. నేను అలా కాదండి, ఉద్యోగం ఇప్పిద్దామని వెతుకుతున్నానంటే అస్సలు నమ్మలేదు. నమ్మకపోవడంలో వాళ్ల తప్పేం లేదు. మనిషిని వెతుక్కుంటూ ఉద్యోగం ఇంటికి రావడం నేనూ వినలేదు.

మూడో దుకాణంలో గల్లా దగ్గర ఒకావిడ కూర్చుని ఉంది. పేరు చెప్పగానే లేచి నిలబడింది.

"ఆయన మా ఇంటాయన. ఏమైంది మేడం?"

ముందు ఆమెను కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఏమీ కాలేదని, మంచి వార్తేనని చెప్పి, ఆయన నంబరడిగాను. ఆమె నోటికి చెప్పింది. నొక్కాను. సగం రింగు కూడా కాలేదు.

"హలో సర్, గుడ్ మార్నింగ్ సర్."

ఎన్నిసార్లు సాధన చేశాడో ఆ మాటలు, ఒక్క తడబాటు లేదు. మధ్యాహ్నం అన్న సంగతి మాత్రం సాధనలో లేదు. నేను ఫలానా అని, మీ దుకాణంలోనే ఉన్నానని చెప్పాను. పక్క అపార్ట్‌మెంటులో గేటు వెల్డింగ్ చేస్తున్నాడట, పది నిమిషాల్లో వచ్చేశాడు. చొక్కా మీద చిన్న చిన్న కాలిన చుక్కలు. నన్ను గుర్తుపట్టి నవ్వాడు. రేపటి ఇంటర్వ్యూ గురించి చెబితే రెండు చేతులూ జోడించాడు. ఆ తర్వాత నవ్వు మెల్లగా తగ్గింది.

"మేడం, ఒక్క ఫోన్ గొడితె నేనే ఉరికొచ్చేటోన్ని గదా. మీరెందుకు ఇంత దూరం వొచ్చిన్రు?"

నాకు వెంటనే అబద్ధం తట్టి ఉంటే చెప్పేదాన్నేమో. తట్టలేదు. "మీ నంబరు మా దగ్గర లేదండి" అన్నాను.

"పైన్నే రాసినం గద మేడం."

"రాశారండి. నేనే చెరిపేశాను."

ఆయనకు అర్థం కాలేదు. దుకాణం వెనక గదిలోకి వెళ్లి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు, అందులోంచి రెజ్యూమె తీసి నా ముందు పరిచాడు. నేను చెరిపిన నాలుగు లైన్లను మొదటిసారి సరిగ్గా చూశాను. అన్నిటికన్నా పైన నంబరు, పేరుకన్నా పెద్ద అక్షరాల్లో. దాని కింద, దొరక్కపోతే చేయండి అంటూ భార్య నంబరు. కింద కూతురి ఈమెయిలు. ఆ కింద అడ్రసు, దుకాణం గుర్తుతో సహా.

"మా బిడ్డ తయారు చేసింది. డిగ్రీ రెండో సంవత్సరం" అన్నాడు. "నేను ఫోటువు పెట్టమన్న. నాయిన పేరు, పుట్టిన తేది, అన్నీ రాయమన్న. అది ఒద్దన్నది. నాయినా, వాళ్లకు నీ నంబర్ ఒక్కటి కండ్లవడాలె, మిగిలింది కిందికి రాస్త అన్నది."

ఆయన కాగితాన్ని మళ్లీ కవర్లో పెట్టాడు.

"మూడు వారాల సంది ఫోన్ రాకపాయె. మీరు ఆ రోజు, వారంల ఫోన్ వొస్తది అన్నరు. తానం చేసేటప్పుడు గూడ ఫోన్ దర్వాజ కాడ వెట్టుకున్న. రాలే. నంబరే తప్పు గొట్టినవ్ అని బిడ్డను తిట్టిన. ఒక్కో అంకె చదివిపిచ్చిన మేడం, అందరి ముంగట. పని చేతగానప్పుడు నాకెందుకు చెప్పినవ్ అన్న. ఆ మాట అన్నంక అది నాతోని మాట్లాడుత లేదు."

ఆయన భార్య గల్లా వైపు తిరిగి మేకుల డబ్బాలు సర్దడం మొదలుపెట్టింది. సర్దిన డబ్బాలే మళ్లీ సర్దుతోంది.

"క్షమించండి" అన్నాను. చాలా చిన్న మాట అది.

"మీ మీద కోపం లేదు మేడం. నాకు ఒక పని చేసిపెట్టున్రి. జర మా బిడ్డకు మీరే చెప్పున్రి. నేను చెప్తె వినదు."

ఆయన తన ఫోన్లోంచి కూతురికి కలిపి నాకిచ్చాడు. అమ్మాయి తీసి ఏమీ మాట్లాడలేదు, తండ్రి ఫోనని. నేనెవరో చెప్పాను. నంబరు సరిగ్గానే ఉందని, తప్పు మా ఆఫీసులో జరిగిందని, తన వైపు ఏ పొరపాటూ లేదని చెప్పాను.

"మరి మీరెందుకు తీసేసిన్రు మేడం?"

"మా ఆఫీసులో రూలమ్మా."

"ఏం రూలది? నంబర్ తీసేస్తె మనిషికి ఉద్యోగం ఎట్ల చెప్తరు?"

నాలుగు నెలలుగా రోజుకు ముప్ఫై నలభై రెజ్యూమెలు తుడుస్తూ ఆ ప్రశ్న నేను ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదు. "నాన్నగారితో మాట్లాడు" అని ఫోన్ ఆయనకిచ్చేశాను. ఆయన దుకాణం బయటికి వెళ్లి, అటు తిరిగి నిలబడి మాట్లాడాడు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. లోపలికొచ్చాక భార్యతో, "వొచ్చేటప్పుడు మిర్చి బజ్జీలు తెమ్మన్నది" అని మాత్రం అన్నాడు. ఆమె మేకుల డబ్బా కింద పెట్టి చెంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు చల్లటి మజ్జిగ ఇచ్చారు. వాళ్ల ఇంట్లో అంత గొడవ తెచ్చిన మనిషికి మజ్జిగ ఇవ్వడం నాకు ఇంకా ఇబ్బందిగా అనిపించింది, కాని ఆ ఎండకు రెండో గ్లాసు కూడా తాగాను.

ఆటోలో తిరిగొస్తుంటే మేనేజరు ఫోన్.

"దొరికిండా?"

"దొరికారు సార్."

"శాన మంచిది. ఇగో, ఆయన సొంత రెజ్యూమె తీస్కపోవద్దని చెప్పు. మన లోగో ఉన్నది మనమే పంపినం గదా. నంబర్ ఉన్న కాయితం వాళ్ల చేతిల పడొద్దు."

"చెప్తాను సార్" అన్నాను. చెప్పలేదు. ఆ అమ్మాయి ఈసారి నంబరును ఇంకా పెద్ద అక్షరాల్లో కొట్టి తండ్రి చేతికిస్తుందని నాకు తెలుసు. ఇవ్వనీ అనుకున్నాను.

గురువారం ఆయన పదకొండింటికి ఇంటర్వ్యూ అంటే పదింటికే వెళ్లి గేటు దగ్గర కూర్చున్నాడట. లోపల వాళ్లు ప్రశ్నలడగడం తక్కువ, ఆయన్ని మిషన్ ముందు నిలబెట్టి చేయించడం ఎక్కువ. వాళ్ల సాఫ్ట్‌వేర్ చూసి, ఈ వేగంతో నడిపితే పనిముట్టు విరుగుతుందని రెండు నిమిషాల్లో చెప్పాడట. వాళ్ల ఇంజనీర్లు నమ్మక నడిపించి చూశారు. విరిగింది. సోమవారం నుంచి రమ్మన్నారు.

ఆ సోమవారం మధ్యాహ్నమే మా ఆఫీసులో గొడవ. క్లయింటు కంపెనీ వాళ్లు జాయినింగ్ కాగితాల గురించి మాకు కాకుండా నేరుగా ఆయనకే ఫోన్ చేశారు. మాటల్లో ఆయన బాలానగర్ పాత స్నేహితులు ఇద్దరి పేర్లు చెప్పాడు. వాళ్లిద్దరినీ కూడా కంపెనీ నేరుగానే పిలిపించుకుంది. మా మేనేజరు చేతులు రెండూ బల్ల మీద పెట్టి నన్ను చూశారు.

"వాళ్లకు నంబర్ ఎట్ల దొరికింది?"

"ఆయన రెజ్యూమె పైన ఉంటుంది కదా సార్."

"తీస్కపోవద్దని చెప్పమన్న గదా నేను."

"మర్చిపోయాను సార్."

ఆయన నమ్మలేదు, నేను నమ్మించే ప్రయత్నమూ చేయలేదు. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోలేదు. అంతకన్నా ఘోరం జరిగింది. ఇకమీదట చెరిపే ముందు ప్రతి మనిషి నంబరూ, ఈమెయిలూ, అడ్రసూ ఒక ఎక్సెల్ షీటులో ఎక్కించాలన్నారు. పదహారు గడులు. ఎక్కించేది నేను. నంబరుకు ముందు దేశం కోడ్ తొంభై ఒకటి కూడా ఉండాలన్నారు. రెండు రోజులు కూర్చుని పోయిన వారానివన్నీ ఎక్కించాను. శుక్రవారం మేనేజరు ఆ షీటు తెరిచి నన్ను పిలిచారు. ఫోన్ నంబర్ల గడి పైనుంచి కింది దాకా అన్నిట్లోనూ ఒకే తీరు. తొమ్మిది, చుక్క, రెండంకెలు, ఇంగ్లీషు అక్షరం ఇ, ప్లస్ గుర్తు, పదకొండు.

"ఏంది ఇది? అందరి నంబర్ ఒక్కటేనా?"

నంబరు పొడుగైతే ఎక్సెల్ అలా కుదించి చూపిస్తుందని, గడి మీద నొక్కితే అసలు నంబరు కనిపిస్తుందని చెప్పాను. ఆయన నొక్కి చూశారు. ఒకటి కనిపించింది. రెండోది నొక్కారు, అదీ కనిపించింది. అలా ఒక్కొక్కటే కింది దాకా నొక్కుకుంటూ పోయారు, నేను పక్కన నిలబడే ఉన్నాను.